నిండుకున్న మంచినీళ్ళు

సోమవారం. ఎండ. గాలి లేదు.

చెవిని ఇవాళ మళ్ళీ తగిలించారు. పెద్దబావి గట్టు పక్కన ఇనప స్తంభానికి, మనిషి తల ఎత్తులో. బోర్లించిన ఇత్తడి గిన్నెలా ఉంటుంది, దాని కింద చిన్న దీపం. దీపం ఆకుపచ్చగా ఉంటే మన మాటలు నమ్ముతున్నట్టు. పసుపు రంగులోకి మారితే అనుమానం వచ్చినట్టు. ఎర్రబడితే నాటకమని తేల్చేసినట్టు. అప్పుడిక అర్జీ చెల్లదు, ఇంకోసారి పెట్టుకునే వీలు కూడా ఉండదు.

పోయినసారి మాకు ఎర్రబడలేదు. చివరి దాకా పచ్చగానే ఉండి ఓడిపోయాం.

నన్నే మళ్ళీ చెవికాపరిగా వేశారు. చెవి మీద దుమ్ము తుడవడం, వానొస్తే మూత పెట్టడం, వాన లేనప్పుడు మూత జోలికి పోకుండా ఉండడం, ఇదీ ఉద్యోగం. వాన లేకుండా మూత పెడితే విననివ్వలేదని అర్జీ కొట్టేస్తారు. ఈపాటి పనికి నా చదువు చాలన్నారు. నేను ఏడో తరగతి దాకా చదివాను. ఎనిమిదిలో చేరదామనుకునేలోపు బడీ ఊరూ కలిసి సముద్రంలోకి వెళ్ళిపోయాయి. అలా మెట్టకి ఎక్కొచ్చినవాళ్ళమే ఇక్కడ అందరం. నగరానికి కొత్తరేవు అని పేరు పెట్టుకున్నాం. రేవు లేదు, పడవ లేదు. పేరొక్కటే తడిగా ఉంటుంది.

ఈ చెవిని పెట్టించి నగరాలకి నీటిసాయం ఇచ్చేది దాహనిధి. వాళ్ళకి ఇచ్చే రాత వేరే ఉంది. అందులో "దుమ్ము తుడిచాను" అని తప్ప ఇంకేమీ రాయను. ఇది నాకోసం రాసుకుంటున్నది.

నీళ్ళ పరీక్షలున్నాయి కదా, మధ్యలో ఈ చెవి ఎందుకని కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతుంటారు. పరీక్షల్లో అన్ని నగరాల నీళ్ళూ చెడ్డవే. నిధి దగ్గర ఉన్న సాయం మాత్రం ఏడాదికి ఒక్క నగరానికే సరిపోతుంది. కాగితం మీద అందరూ ఒకే రకంగా ఏడుస్తున్నారని, ఎవరికి నిజంగా ఇబ్బందో బావి దగ్గర మాటలు విని తేల్చుకుంటున్నారు. వారంపాటు వింటారు. వచ్చే సోమవారం పొద్దున విప్పుకెళ్తారు.

మంగళవారం. ఎండ.

కమిషనర్ ఇందుమతి మేడం అందరినీ మునిసిపాలిటీ హాల్లోకి పిలిచారు. చెవికి వినపడనంత దూరం. పోయినసారి ఎందుకు ఓడిపోయామో నిధివాళ్ళు చెప్పిన కారణాలు చదివి వినిపించారు.

మొదటి కారణం, ఈ నగరవాసులు నీటి గురించి మాట్లాడినప్పుడల్లా దాన్ని "మంచి" నీరని మెచ్చుకుంటున్నారట. రెండోది, ఏ ఇంట్లో చూసినా నీళ్ళు నిండుగా ఉన్నాయట. "బిందెలో నీళ్ళు నిండుకున్నాయి" అని రోజుకి ఎన్నోసార్లు ఆడవాళ్ళ నోట విన్నారట.

హాల్లో మొదట నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు.

బియ్యమైనా ఉప్పైనా నీళ్ళైనా ఇంట్లో అయిపోయినప్పుడు అయిపోయాయని అనం కదా, నిండుకున్నాయంటాం. చెవికి తెలుగు నేర్పినవాళ్ళెవరో అత్తగారు లేని ఇంట్లో పెరిగినట్టున్నారు. ఇక మంచినీళ్ళంటారా, తాగే నీళ్ళకి ఇంకో పేరు మాకు తెలీదు. వాటిని తాగి చేతులు వణుకుతున్నా అవి మంచినీళ్ళే.

మూడో కారణం చదివేటప్పుడు మేడం మా వార్డు వైపు చూశారు. మా బావినీళ్ళు కొబ్బరినీళ్ళలా ఉంటాయని మేమూ, కాదు మావే తియ్యనని నాలుగో వార్డువాళ్ళూ చెవి కిందే నిలబడి పోట్లాడుకున్నాం. తీపి మాట నిజమే. ఆ తీపి ఎక్కడిదంటే, మా కాళ్ళ కింద పాతకాలపు కార్ల బ్యాటరీల గుట్ట పాతిపెట్టి ఉంది, వాటి సీసం నీళ్ళలోకి దిగి తియ్యగా ఉంటుంది. ఇళ్ళన్నీ కట్టుకున్నాక తెలిసింది.

ఇకనుంచి "బావినీళ్ళు" అనాలి, అయిపోతే "లేవు" అనాలి అని మేడం తేల్చారు. అబద్ధం ఒక్కటి కూడా వద్దు, ఉన్నది ఉన్నట్టు అంటే చాలన్నారు. స్టేజీ నాటకాలు వేసి వేసి రిటైరైన వీరభద్రంగారు లేచి, అవసరమైతే జనానికి శిక్షణ ఇస్తానన్నారు. మేడం చేతులు జోడించి కూర్చోమన్నారు. ఆయన దాన్ని ఒప్పుకోలుగా తీసుకున్నట్టు నాకనిపించింది.

బుధవారం. ఎండ. మధ్యాహ్నం దీపం పసుపు.

పొద్దుటినుంచి బావి దగ్గర ఎవరూ నోరు తెరవలేదు. బిందెలతో వస్తున్నారు, తోడుకుంటున్నారు, పెదాలు బిగించుకుని వెళ్ళిపోతున్నారు. "మం" దాకా వచ్చి మింగేసినవాళ్ళని చాలామందిని చూశాను. మామూలుగా అయితే ఈ గట్టు మీద వినపడే మాటలకి చెవే పారిపోవాలి. మధ్యాహ్నానికి దీపం పసుపెక్కింది. ఊరుకోవడం కూడా నాటకమేనని దానికి అర్థమైంది.

కాపరి జనాన్ని మాట్లాడించకూడదని నిబంధన లేదు కాబట్టి, మొన్న మా వీధిలో పెళ్ళిచూపులకి వచ్చి పెళ్ళికూతుర్ని వదిలేసి పక్కింటి టీవీ నచ్చిందన్న పెళ్ళికొడుకు కథ ఎత్తుకున్నాను. ఒకావిడ నవ్వింది. ఇంకొకావిడ ఆ అబ్బాయి తరఫు చుట్టమట, తిట్టింది. సాయంత్రానికి దీపం పచ్చబడింది. తిట్లు తిన్నా నిమ్మళంగా అనిపించింది.

ఇంటికొస్తే మా ఆవిడ తిరపతమ్మ నాకోసం సూది పట్టుకుని కూర్చుంది. తను జాకెట్లు కుడుతుంది. ఈ వీధిలో ఆడవాళ్ళ కొలతలు తనకి నోటికొచ్చు. నిరుడు చేతులు వణకడం మొదలైంది. అప్పటినుంచి సూదిలో దారం ఎక్కించడం నా పని. రోజూ ఆస్పత్రిలో చిన్న ఫిల్టరు నీళ్ళు సీసాడు ఇస్తారు, రోగులకి మాత్రమే. ఆ సీసా తాగినంతకాలం వణుకు ముదరకుండా ఆగుతుందని డాక్టరుగారు చెప్పారు. నగరమంతటికీ పెద్ద ఫిల్టరు వచ్చి వంటకి కూడా ఆ నీళ్ళే వాడితే మెల్లగా తగ్గుతుందన్నారు. ఈలోపు మళ్ళీ బావినీళ్ళు తాగితే ఆ చేతులు ఇక కుట్టుపనికి రావన్నారు. ఆయన అంత నెమ్మదిగా చెప్పినా నాకు చాలా గట్టిగా వినపడింది.

గురువారం. ఎండ. దీపం గురించి తర్వాత.

వీరభద్రంగారు వచ్చారు. పంచె కట్టుకుని, భుజాన కండువాతో. నేను లేచేలోపే బావి గట్టెక్కి, ఒక చెయ్యి నుయ్యి వైపు చాపి, "ఓ విషజలమా, మా బిడ్డల కరములు కంపించుచుండ నీవేల ఇట్లు మధురముగనుంటివి" అని రాగం తీశారు.

దీపం పసుపెక్కి, నారింజ రంగులోకి తిరిగింది. అంచున సన్నగా ఎరుపు కనపడింది. ఆయన రెండో చరణానికి గాలి పీల్చుకుంటున్నారు.

ఆయన్ని ఆగమంటే ఎందుకు ఆగమంటున్నామో చెవి వింటుంది. మూత పెడదామంటే ఆకాశంలో మబ్బు తునక లేదు. ఏం చెయ్యాలో తోచక, "వీరభద్రంగారూ, పంచె వెనకాల ఊడింది" అన్నాను.

నిజంగానే ఊడింది. ఆయన అమ్మో అని రెండు చేతులతో వెనక పట్టుకుని గట్టు దిగారు. జనం పగలబడి నవ్వారు. ఆ నవ్వుకి శిక్షణ ఎవరూ ఇవ్వలేదు. దీపం నారింజలోంచి పసుపుకి, పసుపులోంచి పచ్చకి వచ్చేదాకా నేను దాని మీదనుంచి చూపు తిప్పలేదు.

శుక్రవారం. ఎండ.

ఇవాళ తప్పు మా ఇంటిదే. తిరపతమ్మ వంటకి నీళ్ళు తోడడానికి వచ్చి, చెవి కిందే నిలబడి, "ఏమయ్యా, ఆ మంచినీళ్ళ బిందె కాస్త ఎత్తి నడుం మీద పెట్టు" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నా వైపు చూశారు, ఆ మాట నేనే అన్నట్టు.

ఇంటికొచ్చాక నచ్చజెప్పాను. వినలేదు.

"ఇంటికొచ్చినోళ్ళని బావినీళ్ళు తాగుతారా అంటే గేదెని అడిగినట్టుండదూ?" అంది.

పోనీ అయిపోయినప్పుడు లేవనైనా అనమన్నాను.

"నా నోట్లో రాదయ్యా ఆ మాట. మా అమ్మ తౌడు అయిపోయినా లేదన్లేదు. నీళ్ళు లేవని ఎట్టా అంటారు? మనుషులేనా?"

నీ చేతుల కోసమే కదా ఇదంతా అన్నాను. అనకుండా ఉండాల్సింది. తను చేతులు రెండూ చీరకొంగులో చుట్టేసుకుని, "నా చేతుల సంగతి నేను చూసుకుంటాలే" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత సూది నాకివ్వలేదు. తనే దారం ఎక్కించబోయింది. పొయ్యి మీద పప్పు ఉడికిపోయిందిగానీ దారం ఎక్కలేదు.

శనివారం. ఉక్క.

కమిషనర్ మేడం మా ఇంటికే వచ్చారు. కాళ్ళు కడుక్కోమని తిరపతమ్మ చెంబు ఇచ్చింది. తాగడానికి మాత్రం ఏమీ అడగకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇల్లు కట్టినప్పటినుంచీ మా ఇంట్లో ఇలా జరగలేదు. మేడం గమనించి తల వంచుకున్నారు.

చెవి విన్నదాని తూకం ఏ రోజుకారోజు మేడంకి తెలుస్తుంది. ఇంకా మనకి వ్యతిరేకంగానే ఉందట. తూర్పువైపు ఇంకో నగరం మన కంటే ముందుందట. జనం "బావినీళ్ళు" అంటున్నారు, సరే, కానీ బావినీళ్ళంటే అందులో చెడు ఏముందని చెవి అనుకుంటోందట. "లేవు" అన్నవాళ్ళు నగరం మొత్తం మీద ఒక్కరు కూడా లేరు. నోటిదాకా వచ్చాక "కాస్త ఆగండి", "ఇప్పుడే తోడుతున్నాం", "పక్కింట్లో అడగండి" అయిపోతోంది.

"రేపొక్క రోజే ఉంది పిచ్చయ్యగారూ," అన్నారు మేడం. నా పూర్తి పేరు పిచ్చేశ్వరరావు. ఆవిడ భయపడినప్పుడే కుదించి పిలుస్తారు.

మళ్ళీ అర్జీ పెట్టుకోవాలంటే ఎన్నాళ్ళు పడుతుందని అడిగాను. రెండుసార్లు ఓడిన నగరాన్ని వరసలో చివరికి పంపిస్తారన్నారు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. తిరపతమ్మ వింటోందని అర్థమైంది.

ఆదివారం. ఎండ.

ఇవాళ్టిది జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఎండ నడినెత్తి మీద ఉంది. బావి దగ్గర తిరపతమ్మా, ఇంకో నలుగురు ఆడవాళ్ళూ, స్తంభం కింద నేనూ ఉన్నాం. దిగువ నుంచి వచ్చే దారిలో ఒకామె పిల్లని చంకనేసుకుని వచ్చింది. అక్కడ ఇంకా మునుగుతున్న ఊళ్ళున్నాయి, ఇలా అప్పుడప్పుడు వస్తూనే ఉంటారు. ఆమె కాళ్ళకి పిక్కల దాకా ఉప్పు మరకలు. పిల్లకి నాలుగేళ్ళుంటాయేమో, పెదాలు పగిలి ఉన్నాయి. ఆమె నేరుగా తిరపతమ్మ దగ్గరికి వచ్చింది. మా ఆవిడ ముఖం అలాంటిది, దారి తెలియనివాళ్ళు తననే అడుగుతారు.

"అమ్మా, పిల్లకి కాసిని మంచినీళ్ళు పొయ్యండమ్మా," అంది.

బిందె నిండా ఉంది. అప్పుడే తోడింది. తిరపతమ్మ చెంబు ముంచింది కూడా. పాప నోరు తెరిచింది.

తను "రామ్మా, మంచినీళ్ళు తాగు" అనబోతోందని నాకు తెలుసు. ముప్పై ఏళ్ళుగా వింటున్న మాట అది. అంటే ఉన్న తూకం కూడా పోతుంది. నా చెయ్యి మూత మీదకి వెళ్ళింది. వాన లేకుండా మూత పెడితే అంతా పోతుంది, పెట్టకపోయినా పోతుంది. మూత అంచు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

తిరపతమ్మ చెవి వైపు చూడలేదు. నా వైపు కూడా చూడలేదు. చెంబులో నీళ్ళు చూసింది. చెయ్యి వణికి ఆ నీళ్ళు అంచు మీదుగా తొణికాయి. తర్వాత పిల్ల చేతుల వైపు చూసింది. చిన్న చేతులు, తల్లి మెడ చుట్టూ గట్టిగా కదలకుండా ఉన్నాయి.

చెంబు తిరిగి బిందెలోకి వంచేసింది.

"మంచినీళ్ళు లేవమ్మా," అంది.



పిల్ల తల్లికి అర్థం కాలేదు. నిండు బిందె వైపు చూసింది, తిరపతమ్మ వైపు చూసింది. "ఉన్నయ్యిగా అక్కడ," అంది.

"లేవు. నీ బిడ్డకి నేను పొయ్యను," అంది తిరపతమ్మ. నా వైపు తిరిగి, ఇంటికెళ్ళి ఆస్పత్రి సీసా పట్టుకురమ్మంది. నేను మూత వదిలేసి పరిగెత్తాను. నా వయసువాళ్ళు పరిగెత్తకూడనంత వేగంగా పరిగెత్తాను.

సీసాతో వచ్చేసరికి వాళ్ళు లేరు. ఆగమన్నా ఆగలేదట. "మేం దిగువ నుంచి వచ్చామనేగా" అని ఒక్క మాట అని వెళ్ళిపోయిందట. తిరపతమ్మ రోడ్డు మీద నిలబడి ఉంది, ఎటు వెళ్ళారో తెలియక రెండు వైపులా చూస్తూ. సీసా ఇచ్చాను. మూత కూడా తియ్యలేదు.

దీపం పచ్చగా ఉంది. ఇన్నాళ్ళలో అంత పచ్చగా నేను చూడలేదు. చూడబుద్ధి కూడా కాలేదు.

సోమవారం. మబ్బు.

పొద్దున్నే చెవిని విప్పుకెళ్ళారు. స్తంభం మాత్రం మిగిలింది. తిరపతమ్మ కుట్టుమిషను ముట్టుకోలేదు. భోజనాల దగ్గర, "ఆ పిల్ల ఎక్కడ తాగిందో," అంది. ఎక్కడో ఎవరో పోసే ఉంటారన్నాను. ఓదార్పుగా అందామనుకున్నాను. అన్నాక ఆ మాట నాకే భయమేసింది. మన నగరంలో ఎవరు పోసినా బావినీళ్ళేగా.

మంగళవారం. చినుకులు.

వచ్చేసింది. ఈ ఏడాది సాయం కొత్తరేవుకే. పెద్ద ఫిల్టరు పని వానలు తగ్గాక మొదలుపెట్టి, ఏడాది తిరిగేలోపు అందరికీ ఇస్తామన్నారు. మునిసిపాలిటీ మైకులో రోజంతా అదే. నిధివాళ్ళు కారణం కూడా చెప్పారట. నీళ్ళుండి కూడా దాహంతో వచ్చిన బిడ్డకి పొయ్యలేకపోయిన నగరం ఇదొక్కటేనని. తిరపతమ్మ మాటని మైకులో మళ్ళీ మళ్ళీ వేస్తున్నారు. "మంచినీళ్ళు లేవమ్మా." వీధి చివర, మార్కెట్లో, బస్టాండులో, ప్రతిచోటా మా ఆవిడ గొంతే.

తను కిటికీలు మూసుకుంది.

సాయంత్రం వీరభద్రంగారు అభినందించడానికి వచ్చారు. కాసేపు కూర్చుని, మొన్న ఆదివారం తనూ ఒక పుణ్యం చేశానని చెప్పుకున్నారు. నాలుగో వార్డులో వాళ్ళ అరుగు ముందు ఎవరో తల్లీబిడ్డా దాహంతో తూలిపోతుంటే పిలిచి కూర్చోబెట్టి కడుపునిండా పోశారట. మంచి తీపి నీళ్ళు. పిల్ల చాలా ఇష్టంగా తాగిందట. పాత రైసుమిల్లు రేకులషెడ్డులో ఉండమని చోటు కూడా చూపించారట. రోజూ బిందెడు పంపిస్తున్నారట.

ఆయన మంచి మనిషి. ఎదురుగా అది తప్పని అనలేక తల ఊపాను. తిరపతమ్మ లేచి చెప్పులు వేసుకుంది.

బుధవారం. చినుకులు.

మేడం ఇవాళ సన్మానం పెట్టారు. ఆ మాట స్టేజీ మీద ఇంకోసారి అంటే చాలన్నారు. తిరపతమ్మ రానంది. ఆ మాట ఒక్కసారి అన్నందుకే నిద్ర లేదు, మళ్ళీ అనడమా అంది. మేడం ఇక బలవంతం చెయ్యలేదు.

సన్మానం జరుగుతున్న వేళకి మేం రైసుమిల్లు షెడ్డులో ఉన్నాం. నిన్న వెళ్తే ఆమె లోపలినుంచి గడియ తియ్యలేదు. ఇవాళ తీసింది, ముఖం మాత్రం పక్కకి తిప్పుకుంది. మైకులో ఆ గొంతు విని మమ్మల్ని పోల్చుకున్నట్టుంది. "మమ్మల్ని అడ్డం పెట్టుకుని పెద్ద నీళ్ళ మిషను తెచ్చుకున్నారంటగా," అంది.

తిరపతమ్మ కాదనలేదు. చేతులు రెండూ ఆమె ముందు చాపింది. అవి చాపితే ఎలా ఉంటాయో నేను రోజూ చూసేవాడినే, అయినా చూడలేకపోయాను. "ఆ బిందెలోయి తాగితే ఇట్టా అవుతయ్యి. పెద్దోళ్ళకి ఏళ్ళు పట్టిద్ది, పిల్లలకి అంత పట్టదు. అందుకని లేవన్నా," అంది.

ఆమె ఆ చేతుల్ని చాలాసేపు చూసింది. మూలనున్న వీరభద్రంగారి బిందె వైపు చూసింది. కూర్చోమని చాప వేసింది.

తిరపతమ్మ సంచిలోంచి సీసా తీసింది. ఇవాళ్టిది, ఇంకా మూత తియ్యనిది. నాకు విషయం అర్థమై, నీకు సరిపోవద్దా, డాక్టరుగారు ఏమన్నారు, ఫిల్టరు వచ్చేసరికి ఇంకా ఏడాది అని గొణిగాను. జోకు ఒకటి వేద్దామని వెతికాను, దొరకలేదు.

"ఫిల్టరు వచ్చిందాకా సగం దీనిది," అంది, నాకు చెబుతున్నట్టు కాదు, లెక్క తేల్చినట్టు.

పాప గ్లాసు పట్టుకొచ్చింది. తిరపతమ్మ పొయ్యడం మొదలుపెట్టింది. చెయ్యి వణికి కొంత నేల మీద పడింది. నేను పట్టుకోబోతే వద్దని తల ఊపింది. సగం పోసి ఆగి, నేల మీద తడి వైపు ఒకసారి చూసి, ఒలికిందెంతో అంత తన సగంలోంచి తీసి మళ్ళీ గ్లాసులో పోసింది.